జాబితాలోకి రాని ఐదు సెంట్లు

కాగితాలన్నీ టెన్నిస్ రాకెట్ల కిట్‌బ్యాగులో వేసుకుని వచ్చారాయన. బల్ల మీద కుమ్మరిస్తే బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడేసిన చెక్కుబుక్కులు, బంగారం తాకట్టు రసీదులు, విప్పని కవర్లు నాలుగు రాలాయి. వాటితోపాటు ఓ స్ట్రింగు చుట్ట, చెమటకి గట్టిపడిన రిస్ట్‌బ్యాండు కూడా. రిస్ట్‌బ్యాండుని గబుక్కున తీసి జేబులో పెట్టుకున్నారు. కవర్లు విప్పడానికి మాత్రం ఆయనకి చెయ్యి రాలేదు. అవి నేనే విప్పాను.

ఒడిశా బరంపురం కోర్టుపేటలో నేను ఆఫీసు పెట్టి ఇరవై రెండేళ్లయింది. తెలుగువాళ్లకీ ఒడియావాళ్లకీ కూడా నేను ‘ఆడిటర్ గారు’నే. చదువుకున్నది పన్నుల లెక్కలు. కోవిడ్ తర్వాత మాత్రం పన్ను కట్టాల్సినవాళ్ల కంటే అప్పు కట్టలేనివాళ్లే ఎక్కువగా మెట్లెక్కుతున్నారు. ఈ కేసు 2023 ఆగస్టులో వచ్చింది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు రాయడం లేదు, ఆనవాలు పట్టే సంగతులు కొన్ని మార్చాను. ఊళ్లో అందరూ పిలిచినట్టే ఇక్కడా ‘కోచ్ గారు’ అంటాను. అప్పటికి ఆయనకి 38 ఏళ్లు.

ఆ రోజు మాట్లాడింది ఆయన కాదు, వెంట వచ్చిన బావమరిది. “బ్యాంకోళ్లు ఇల్లు పట్టుకుపోతామంటన్నారండీ. మా అత్త ఇల్లది. ఆవిడికింకా చెప్పలేదు.”

విప్పిన మొదటి కవర్లో ఉన్నది సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు. తొంభై రోజులు వాయిదాలు కట్టకపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత ఈ నోటీసు వస్తుంది. నోటీసు తేదీ నుంచి 60 రోజుల్లో మొత్తం కట్టాలి, లేకపోతే తాకట్టు పెట్టిన ఆస్తిని బ్యాంకు కోర్టుకి వెళ్లకుండానే స్వాధీనం చేసుకోవచ్చు. కవరు మీది ముద్ర చూస్తే అందులో 19 రోజులు కిట్‌బ్యాగులోనే గడిచిపోయాయి. నోటీసు ఇంగ్లీషులో ఉంది. ఇంటి యజమాని అయిన ఆయన తల్లికి తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు. మా ఊళ్లో ఇదొకటి. ఒకే గుమ్మంలోకి పట్టా ఒడియాలో, శుభలేఖ తెలుగులో, బ్యాంకు నోటీసు ఇంగ్లీషులో వస్తాయి. ఏది ఎవరికి చదివి వినిపించాలో, ఏది వినిపించకుండా ఉండొచ్చో ఇంట్లో మగవాళ్లు నిర్ణయిస్తారు.

ఆట

కోచ్ గారు 1985లో పుట్టారు. ఆ జులైలోనే బోరిస్ బెకర్ వింబుల్డన్ గెలిచాడు. తండ్రి రైల్వే గుమాస్తా, టెన్నిస్ అంటే పిచ్చి. ఊళ్లో ఓ క్లబ్బు మట్టి కోర్టులో సాయంత్రాలు ఆడేవారు. పిల్లాడికి ఆరేళ్లు వచ్చేసరికి పెద్ద రాకెట్ పిడి కోసి చేతికిచ్చారు. 1996లో లియాండర్ పేస్ అట్లాంటాలో కాంస్యం తెచ్చినప్పుడు పిల్లాడికి పదకొండేళ్లు. 1952 తర్వాత మన దేశానికి ఒలింపిక్స్‌లో వచ్చిన తొలి వ్యక్తిగత పతకం అది. ఆ రాత్రి తండ్రి ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచి, మా అబ్బాయిని హైదరాబాద్ పంపిస్తున్నానని ప్రకటించేశారట. రెండేళ్ల తర్వాత నిజంగానే పంపారు, టెక్కలి దగ్గర ఎకరం పొలం అమ్మి.

జూనియర్లలో బాగా ఆడారు. ఇరవై ఏళ్లకి ఫ్యూచర్స్ టోర్నమెంట్లు మొదలుపెట్టారు. టెన్నిస్ అంటే టీవీలో కనిపించేదే అనుకునేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం ఆగాలి. అప్పట్లో కింది మెట్టు ఫ్యూచర్స్ టోర్నీ మొత్తం బహుమతి 10,000 డాలర్లు. సింగిల్స్, డబుల్స్ అన్నీ అందులోనే పంచుకోవాలి. వారమంతా గెలిచి కప్పు ఎత్తినవాడికి దక్కేది సుమారు 1,300 డాలర్లు. మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడినవాడికి వంద డాలర్ల పైచిలుకు. క్వాలిఫయింగ్‌లో ఓడితే అదీ ఉండదు. అందులోంచి రైలు టికెట్టు, ఇద్దరు కలిసి తీసుకున్న లాడ్జి గది, తిండి, స్ట్రింగులు, బూట్లు. విదేశంలో ఆడితే అక్కడే పన్ను కోసుకుని మిగతాది ఇస్తారు. అది తర్వాత ఇక్కడి రిటర్నులో చూపించుకోవచ్చని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అసలు ఆ ఏళ్లలో ఆయన రిటర్నే వేయలేదు.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 నాటి లెక్కలు తీసి చూసింది. కోచ్ ఖర్చు కలపకుండానే, మగవాళ్లలో ఆదాయం ఖర్చుకి సరిపోవాలంటే 336వ ర్యాంకు దగ్గర ఉండాలని తేలింది. ఏడాది సగటు ఖర్చు 38,800 డాలర్లు. కోచ్ గారి ఉత్తమ ర్యాంకు ఏడు వందల పైన. అంటే ఏడేళ్లపాటు ఆయన ప్రతి వారమూ నష్టానికే ఆడారు. అది ఆయన తప్పు కాదు, ఆ ఆట కింది అంతస్తు అలా కట్టారు.

ఆ నష్టం భరించింది తండ్రి. ఆయన ఒక నోటుబుక్కు రాసేవారు. టోర్నీ పేరు, ఊరు, ఖర్చు, వచ్చిన బహుమతి, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. కోచ్ గారు దాన్ని నాకు గర్వంగా చూపించారు. కూడితే నికరంగా పోయింది 11 లక్షల చిల్లర. తర్వాత తల్లి చెప్పింది: “అందులో ఆయన పీఎఫ్ డబ్బులు లేవు బాబూ. నా గాజులూ లేవు. అబ్బాయి చూస్తే ఆట మానేస్తాడని రాయలేదు.” ఈ ముక్క విన్నప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. కేసుకి తాళం చెవి అదేనని రెండు నెలల తర్వాత తెలిసింది.

మధ్యలో ఓ ప్రభుత్వరంగ సంస్థలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం దాకా వచ్చింది. ఇంకో ఏడాది ఆడి చూస్తానని వెళ్లలేదు. 2010లో తండ్రి పోయారు. భుజం ఆ ముందే పోయింది, ఇంజెక్షన్లతో రెండేళ్లు లాగారు. 2012లో ఆపేశారు.

ఊరికి వచ్చాక

కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో జీతానికి కోచింగ్ చేసి, 2015లో బరంపురం వచ్చి లీజు స్థలంలో మూడు కోర్టుల అకాడమీ పెట్టారు. తల్లి ఇల్లు తాకట్టు పెట్టి 42 లక్షలు, పన్నెండేళ్లకి, 12 శాతం వడ్డీ. నెలకి వాయిదా 55 వేలు. మొదటి మూడేళ్లూ బాగానే సాగింది. గంజాం కలెక్టరేటు ఉద్యోగుల పిల్లలు, డాక్టర్ల పిల్లలు, ఇచ్ఛాపురం నుంచి పొద్దుటి రైల్లో వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి అకాడమీ కంచె, నాలుగు ఫ్లడ్‌లైట్ స్తంభాలు పడిపోయాయి. బీమా లేదు. బాగుచేసిన కాంట్రాక్టరుకి ఇవ్వాల్సినది అలాగే నిలిచిపోయింది.

ఆ తర్వాత కోవిడ్. రిజర్వు బ్యాంకు 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు మారటోరియం ఇచ్చింది కదా. కోచ్ గారు దాన్ని మాఫీ అనుకున్నారు. నవ్వకండి, నా దగ్గరికొచ్చిన పదిమందిలో ఆరుగురు అలాగే అనుకున్నారు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. మార్చికి ముందు అసలు 32 లక్షల 60 వేలు ఉంటే, ఆర్నెల్లకి 34 లక్షల 60 వేలయింది. వడ్డీ మీద పడిన వడ్డీని 2 కోట్ల లోపు అప్పులకి కేంద్రం తర్వాత వెనక్కి ఇచ్చింది. అది ఈ ఖాతాలో కొన్ని వేలు మాత్రమే. ఆ తర్వాత కొన్ని నెలలు కట్టి, కొన్ని నెలలు ఎగ్గొడుతూ వచ్చారు. నోటీసు నాటికి 37 లక్షల 10 వేలు.

వాయిదాలు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చారు. బ్యాంకుకి నెలకి ఒక శాతం కట్టలేనివాడు ఆ శాతం కట్టడానికి మూడు శాతానికి తేవడం. ఇంత తెలిసినవారు ఇలా ఎలా చేశారని బావమరిది నా ముందే అడిగాడు. నాకు ఆశ్చర్యం లేదు. ఊళ్లో ఆయన ‘ఇంటర్నేషనల్ ప్లేయర్’. స్కూలు వార్షికోత్సవాలకి ముఖ్య అతిథి. బ్యాంకులో వాయిదా తప్పితే నలుగురికీ తెలుస్తుంది, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చింది ఎవరికీ తెలియదు. ఆయన కొన్నది డబ్బు కాదు, గుట్టు. దానికి నెలకి 18 వేలు కట్టారు.

మూడు జాబితాలు

నా దగ్గర ఎవరికైనా మొదటి పని ఇదే. చేతిరాతతో రెండు వరుసలు రాయాలి. ఒకవైపు ఇవ్వాల్సినవి, రెండోవైపు ఉన్నవి. కంప్యూటర్లో వద్దంటాను. చేత్తో రాసేటప్పుడు ఎక్కడ కలం ఆగిందో తెలుస్తుంది.

మొదటి జాబితాలో బ్యాంకు 37 లక్షల 10 వేలు, వడ్డీ అప్పు 6 లక్షలు, బంగారం మీద 3 లక్షల 20 వేలు, క్రెడిట్ కార్డు 1 లక్ష 90 వేలు, కాంట్రాక్టరుకిచ్చి తిరిగొచ్చిన రెండు చెక్కులు 3 లక్షలు. మొత్తం 51 లక్షల 20 వేలు. ఉన్నవి: పాత కారు, అకాడమీ సామాన్లు. అంతే.

అది చూసి నేనో తప్పు చేశాను. లెక్క తేలిపోయింది కాబట్టి, “అకాడమీ మూసేసి ఉద్యోగం చూసుకోండి” అన్నాను. సరైన సలహానే, కానీ చెప్పాల్సిన రోజు అది కాదు. తలూపి వెళ్లిపోయారు. మూడు వారాలు ఫోను తీయలేదు. నోటీసు గడువు కరిగిపోతోంది. చివరికి భార్య వచ్చింది. ఆవిడ బడిలో టీచరు. “అన్నయ్యగారూ, రాత్రుళ్లు బండేసుకుని గోపాల్‌పూర్ బీచికి ఎళ్లిపోతన్నారండీ. తెల్లారి వస్తన్నారు. అడిగితే గాలికి ఎళ్లానంటారు.”

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, చుట్టూ తిప్పకుండా అడిగాను: చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. నిజానికి అడిగితే మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. కాసేపు ఊరుకుని, “రెండుసార్లు అనిపించింది సార్” అన్నారు. లెక్కల పని అక్కడే ఆపేశాను. మర్నాడు నేనూ ఆయన భార్యా కలిసి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను, అందులో తెలుగులో కూడా మాట్లాడతారు. మందులు మొదలయ్యాక, నిద్ర కుదిరాక మళ్లీ కూర్చున్నాం. ఈలోగా నోటీసుకి అదే చట్టం 13(3ఎ) కింద అభ్యంతరం రాసి పంపాను. బ్యాంకు దానికి 15 రోజుల్లో జవాబివ్వాలి. అలా కొంచెం సమయం దొరికింది. భార్యని మొదటి రోజే పిలవకపోవడం నా రెండో తప్పు. అప్పుడు పిలిచి ఉంటే ఆ మూడు వారాలు పోయేవి కావు.

రెండో జాబితా ఆవిడ ఎదుటే రాశారు. ఇందులో రెండు కొత్తవి. ఒక విద్యార్థి తండ్రి దగ్గర తీసుకున్న 4 లక్షలు, నోటు కూడా లేదు. రెండోది జీఎస్‌టీ. పిల్లలకి నేర్పేది చదువే కాబట్టి పన్ను ఉండదని ఆయన అనుకున్నారు. ఆటల కోచింగ్‌కి మినహాయింపు ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన చారిటబుల్ సంస్థలకే ఉంటుంది. మామూలు అకాడమీ ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే 18 శాతం కట్టాల్సిందే. ఈయన ఆదాయం 2022-23లో దాటింది. పన్ను, వడ్డీ కలిపి 2 లక్షల 30 వేలు లెక్కతేలింది. మొత్తం 57 లక్షల 50 వేలు.

కానీ కలం మళ్లీ ఆగింది. ఉన్నవాటి వరుసలో కారు రాశాక ఓ చుక్క పెట్టి, చుక్క మీద చుక్క పెట్టి, కాగితం తిప్పేశారు. నేను బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి మొదటి నుంచి చదివాను. నాలుగేళ్లపాటు ప్రతి నెలా 9వ తేదీన 11 వేలు ఇచ్ఛాపురంలోని ఒకే ఖాతాకి వెళ్తున్నాయి. బ్యాంకు వాయిదా ఎగ్గొట్టిన నెలల్లో కూడా ఇది ఆగలేదు.

ఏమిటని అడిగితే చెప్పలేదు. భార్యకీ తెలియదు. ఆ రోజు నేను కాగితాలు పక్కనపెట్టి, మీకు బెకర్ గురించి ఎంత తెలుసు అని అడిగాను.

బెకర్ సంగతి

మొహం వెలిగింది. 1985 ఫైనల్ స్కోరు గడగడా చెప్పేశారు. కెవిన్ కరెన్ మీద 6-3, 6-7, 7-6, 6-4. సీడింగ్ కూడా లేని పిల్లాడు, 17 ఏళ్ల 7 నెలలు. తండ్రి చెప్పి చెప్పి కంఠతా వచ్చేసింది. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, వాటిలో మూడు వింబుల్డన్. ఆట మీద వచ్చిన బహుమతి డబ్బే రెండున్నర కోట్ల డాలర్లు. “దివాలా తీశాడని పేపర్లో చూశాను సార్. అప్పులకి జైల్లో వేశారు కదా.”

కాదు, అన్నాను. అప్పుకి వేయలేదు.

2017 జూన్‌లో లండన్ కోర్టు బెకర్‌ని దివాలాదారుగా ప్రకటించింది. అక్కడి చట్టం ప్రకారం ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే పని: తనకున్నదంతా, ఇవ్వాల్సినదంతా, అప్పులవాళ్ల కోసం ఆస్తులు పోగుచేసే ధర్మకర్తకి (ట్రస్టీకి) పూర్తిగా చెప్పడం. మధ్యలో 2018లో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ తనని దౌత్యప్రతినిధిగా పెట్టుకుంది కాబట్టి తన మీద దావా చెల్లదన్నాడు. ఆయన చూపిన పాస్‌పోర్టు నకిలీదని ఆ దేశమే చెప్పింది. 2022 ఏప్రిల్‌లో సదర్క్ క్రౌన్ కోర్టులో 24 ఆరోపణల మీద విచారణ పూర్తయింది. 20 కొట్టేశారు. కప్పులు దాచాడన్న ఆరోపణలు కూడా వాటిలోనే పోయాయి. నిలిచినవి నాలుగే: వ్యాపార ఖాతాలోంచి మాజీ భార్యలకీ ఇతరులకీ డబ్బు పంపడం, సొంతూరు లైమెన్‌లోని ఇంట్లో తన వాటా చెప్పకపోవడం, 8 లక్షల 25 వేల యూరోల అప్పు దాచడం, ఓ టెక్నాలజీ కంపెనీలో 75 వేల షేర్లు దాచడం. శిక్ష రెండున్నరేళ్లు. ఎనిమిది నెలల్లోపే, ఆ డిసెంబరులో, విడుదల చేసి జర్మనీ పంపేశారు.

“5 కోట్ల పౌండ్ల అప్పు ఆయన్ని జైల్లో పెట్టలేదు. జాబితాలో రాయని నాలుగు వరుసలు పెట్టాయి.”

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సొంతూరి ఇల్లా సార్?” అని అడిగారు. నేను చెప్పినదంతా పక్కకిపోయి ఆ ఒక్కటే పట్టుకున్నారు. అమ్మ ఉండే ఇల్లు అట, అన్నాను. అప్పుడు చెప్పారు. ఇచ్ఛాపురం శివార్లలో ఐదు సెంట్ల స్థలం. కూతురి కోసం. అడ్వాన్సు 3 లక్షలిచ్చి, మిగతాది నెలనెలా కడుతూ వచ్చారు, అగ్రిమెంటు ఆయన పేరే, రిజిస్ట్రేషన్ కాలేదు. “నాకు నాన్న పొలం అమ్మాడు. దీనికి నేను కొంటున్నాను అనుకున్నాను.”

విషయం తెలిసిన మర్నాడే బావమరిది ఒక ఉపాయంతో వచ్చాడు. “ఎలాగూ రిజిస్ట్రేషన్ అవలేదు కదండీ. మా అమ్మ పేర రాయించేస్తే పోద్ది. బావ పేరెక్కడా ఉండదు. ఆంధ్రాలో స్థలం, ఒడిశా బ్యాంకుకేటి తెలుస్తాది?”

సరిహద్దు ఊళ్లలో నేను తరచూ వినే మాట ఇది. బాహుదా నది దాటితే ఎవరికీ తెలియదనే నమ్మకం. ఒకరి డబ్బుతో కొని మరొకరి పేర పెడితే అది బినామీ. భార్యా పిల్లల పేర తన తెల్లడబ్బుతో కొంటే మినహాయింపు ఉంది, అత్తగారికి లేదు. 2016 సవరణ తర్వాత ఆస్తి జప్తుతోపాటు ఏడాది నుంచి ఏడేళ్ల జైలు. ఇంకోవైపు, దివాలా పిటిషన్ వేస్తే అన్నీ పోతాయా అని భార్య అడిగింది. మన దేశంలో మామూలు మనిషి దివాలాకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016 దివాలా కోడ్‌లోని వ్యక్తుల భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. ఆ పాత చట్టంలో కూడా, దివాలాకి ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగగలదు. దాచితే ఏడాది దాకా జైలు. పైగా తాకట్టులో ఉన్న ఇంటిని ఆ చట్టం కాపాడదు, తాకట్టు పట్టినవాడు బయట నిలబడి తన ఆస్తి తాను అమ్ముకోవచ్చు. అందుకే ఆ దారి వద్దన్నాను. ఆ ఇల్లు పోకుండా చూడటమే మాకున్న పని.

మూడో జాబితాలో ఐదు సెంట్లు చేరాయి. ఆయన భార్య ఆ రోజు ఏడ్చింది, స్థలం పోతున్నందుకు కాదు, నాలుగేళ్లు తనకి తెలియనందుకు. నేను బయటికి వచ్చి టీ తాగాను.

చేసినది

పూర్తి జాబితా చేతిలో ఉంటే బ్యాంకుతో మాట్లాడే తీరే మారిపోతుంది. రెండు రాష్ట్రాల ఆస్తులూ అప్పులూ, భార్య జీతంతో సహా, నాలుగు పేజీల్లో పెట్టి, తగ్గించిన మొత్తం ఒకేసారి కట్టే పరిష్కారానికి (వన్‌టైమ్ సెటిల్‌మెంట్) అడిగాం. మూడుసార్లు తిప్పి, 31 లక్షలకి ఒప్పుకున్నారు. స్థలం ఆయన పేర రిజిస్టరు చేయించి అమ్మితే 13 లక్షల 50 వేలు వచ్చాయి. కారు 3 లక్షల 50 వేలు. భార్య జీతం మీద తీసుకున్న అప్పు 8 లక్షలు, దాన్ని జాబితాలో మళ్లీ కొత్త అప్పుగా ఎక్కించాం. తల్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ 6 లక్షలు. ఆవిడకి మొత్తం విషయం తెలుగులో రాసి చదివి వినిపించాకే సంతకం పెట్టించాను. ఆవిడ వినేసి, “వాళ్ల నాన్నా ఇంతే” అంది.

మిగతావి త్వరగానే తేలాయి. జీఎస్‌టీకి షోకాజ్ నోటీసు రాకముందే పన్నూ వడ్డీ డీఆర్‌సీ-03 ఫారంలో కట్టేశాం కాబట్టి జరిమానా పడలేదు. డబ్బు మాత్రం బంగారం మీదే మళ్లీ తేవాల్సొచ్చింది. కాంట్రాక్టరు చెక్కు బౌన్సుకి సెక్షన్ 138 కేసు వేయడానికి సిద్ధంగా ఉన్నాడు. రెండేళ్ల దాకా జైలు, చెక్కుకి రెట్టింపు దాకా జరిమానా అని వినగానే కోచ్ గారు వణికిపోయారు, కానీ అతనికి కావలసింది డబ్బే. పది వాయిదాలకి ఒప్పుకున్నాడు. వడ్డీ వ్యాపారి ఒప్పుకోలేదు. అప్పటికి కట్టిన వడ్డీ అసలు దాటిపోయిందని చూపించినా ఒప్పుకోలేదు. ఆ ఒక్కటీ ఇంకా నడుస్తోంది.

ఆ సెప్టెంబరులోనే పేపర్లో సుమిత్ నాగల్ వార్త వచ్చింది. అప్పటికి దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు, ఖాతాలో 900 యూరోలు మిగిలాయని చెప్పాడు. ఏడాదికి 80 లక్షల నుంచి కోటి దాకా ఖర్చు. కోచ్ గారు కటింగు తెచ్చి బల్ల మీద పెట్టారు. “ఇతను ధైర్యంగా చెప్పాడు సార్.” జనవరిలో నాగల్ మెల్‌బోర్న్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ని మొదటి రౌండులోనే ఓడించినప్పుడు పొద్దున్నే నాకు ఫోను చేశారు, నాకు టెన్నిస్ అంతగా తెలియదని మర్చిపోయి.

అకాడమీ మూయలేదు. ఇక్కడ నా మొదటి సలహా తప్పింది. మూడో కోర్టు వదిలేసి రెండింటితో పొద్దుటి బ్యాచీలు నడుపుతున్నారు, పగలు సరిహద్దు అవతల ఓ రెసిడెన్షియల్ స్కూల్లో నెలకి 48 వేలకి ఆటల టీచరు. స్కూల్లో టెన్నిస్ కోర్టు లేదు, వాలీబాల్, కబడ్డీ ఆడిస్తారు. ముఖ్య అతిథిగా పిలిస్తే ఇప్పుడూ వెళ్తున్నారు, ఇంటర్నేషనల్ ప్లేయర్ అంటే మాత్రం, “ఏడువందల ర్యాంకండీ” అని సరిదిద్దుతున్నారట. బావమరిదికి అది నచ్చలేదు.

ఫైలు మూయకపోవడానికి వడ్డీ వ్యాపారి ఒక కారణం. ఇంకోటి ఉంది. స్టేట్‌మెంట్లలో 2019, 2022 మధ్య విమాన టికెట్లు, ఎంట్రీ ఫీజులు, విదేశీ హోటళ్లు కనిపించాయి. కలిపితే 6 లక్షల 40 వేలు. ఆయన సొంత ప్రయాణాలు కావు. అకాడమీలో నేర్చుకున్న ఓ కుర్రాడు, తండ్రి లేడు, తల్లి అప్పడాలు ఒత్తి అమ్ముతుంది. వాణ్ణి అదే కింది మెట్టు టోర్నీలు ఆడించడానికి పెట్టిన డబ్బు. వాడు ఒక్క ర్యాంకింగ్ పాయింటు కూడా తేలేదు, తర్వాత ఆట మానేశాడు. ఇది అకాడమీ ఖర్చు కింద రాయాలా, ఇచ్చిన అప్పు కింద రాయాలా అని అడిగాను. ఖర్చు అంటే ఆదాయంలోంచి తీసేయడానికి నాకు ఆధారం కావాలి. అప్పు అంటే రావాల్సినవాటిలో వేయాలి.

“అది అప్పు కాదు సార్. ఖర్చూ కాదు.”

అడిగిన ప్రతిసారీ ఇదే జవాబు. పోయిన నెల నోటుబుక్కు తెచ్చారు. తండ్రిదే. ఖాళీగా ఉన్న చివరి పేజీలో, రెండు వరుసల్లో దేనికీ చెందకుండా, కుర్రాడి పేరు, ఊళ్లు, తేదీలు, అంకెలు గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. కింద తండ్రి పీఎఫ్ అంకె, తల్లి గాజుల తూకం కూడా అడిగి రాసుకున్నారు. చూసి తిరిగిచ్చేశాను.